మీటర్ మాటా, ల్యాబ్ మాటా? విషం తీసేశామంటే నమ్మేదెలా

2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ కోసం కొత్త నియమాలు తెచ్చింది. వాటి మీద పెద్దగా చర్చ జరగలేదు. కానీ ఫ్యాక్టరీల వెనక బస్తీల్లో, పాత రసాయన గుంతల పక్కన కాపురం ఉండే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. దేశంలో ఇలాంటి స్థలాలు 103 ఉన్నాయని లెక్క తేలింది. ఈ నియమాలు వచ్చే నాటికి శుభ్రం చేసే పని మొదలైంది వాటిలో కేవలం ఏడు చోట్ల.

నియమాల్లో గడువులు బాగానే రాశారు. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానం ఉన్న స్థలాల జాబితా ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. ఆ తర్వాత మరో మూడు నెలల్లో లోతుగా సర్వే చేసి, అక్కడ నిజంగా విషం ఉందో లేదో తేల్చాలి. ఉంటే, కారకులెవరో పట్టుకుని ఖర్చు వాళ్ళ దగ్గరే రాబట్టాలి.

కాగితం మీద ఇదంతా బాగుంది. అయితే ఈ మొత్తం వ్యవహారం ఒక చిన్న పని మీద నిలబడి ఉంది. అది కొలవడం. నేలలో సీసం ఎంత? బోరు నీళ్ళలో ఏముంది? మట్టి తీసేశాక ఇంకా ఎంత మిగిలింది? వీటికి జవాబు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, చేత్తో పట్టుకుని అక్కడికక్కడే చూసే యంత్రం. రెండోది, మట్టినో నీటినో సీసాలో, సంచిలో పట్టి ల్యాబ్‌కి పంపడం.

ఈ రెండింటిలో ఏది మేలు అని అడిగితే ఇంజనీర్లు "రెండూ కావాలి" అంటారు. అది నిజమే. కానీ మన అనుభవంలో జరిగేది వేరు. పని ఆలస్యం చేయాలనుకున్నవాళ్ళు "ల్యాబ్ రిపోర్టు రానివ్వండి" అంటారు. పని అయిపోయిందని చేతులు దులుపుకోవాలనుకున్నవాళ్ళు "మీటర్ పెట్టి చూశాం, అంతా నార్మల్" అంటారు. అందుకే ఏ యంత్రం ఏం చూడగలదు, ఏం చూడలేదు అన్నది మనకూ తెలిసి ఉండాలి.

ముందు మన వంటింట్లోంచే మొదలుపెడదాం. వాటర్ ఫిల్టర్ అమ్మడానికి వచ్చే అబ్బాయి జేబులో పెన్ను లాంటి టీడీఎస్ మీటర్ ఉంటుంది. మీ బోరు నీళ్ళలో ముంచితే 900 చూపిస్తుంది, తన మెషిన్ నీళ్ళలో ముంచితే 60. అమ్మీ భయపడిపోతుంది, అబ్బా డబ్బు కడతారు. ఆ పెన్ను నిజానికి చూసేది నీళ్ళలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోంది అన్నది ఒక్కటే. దాన్నిబట్టి కరిగిన ఉప్పులు మొత్తం ఎంతో అంచనా కడుతుంది. భారత ప్రమాణాల ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. అదే సీసానికి పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. అంటే సీసం పరిమితికి పది రెట్లు ఉన్నా అది 0.1 మాత్రమే. పెన్ను మీద ఒక్క అంకె కూడా కదలదు. 900 చూపిన నీళ్ళు ఉప్పగా ఉన్నా విషం కాకపోవచ్చు, 200 చూపిన నీళ్ళలో విషం ఉండనూవచ్చు. క్రిముల సంగతి ఆ పెన్నుకి అసలే తెలియదు.

అలాగని చేతి యంత్రాలన్నీ ఇలాంటివేనా? కాదు. చేతి యంత్రం వేలమంది పిల్లల్ని కాపాడటానికి దారి తీసిన చోటు ఒకటుంది. అది ఉత్తర నైజీరియాలోని జంఫారా రాష్ట్రం. అక్కడి పల్లెల్లో ఎక్కువమంది ముస్లింలే, పేదలే.

బంగారం ధర పెరగడంతో అక్కడి గ్రామస్థులు రాళ్ళు తవ్వి బంగారం తీయడం మొదలుపెట్టారు. ఆ రాయిలో బంగారంతో పాటు సీసం విపరీతంగా ఉంది. రాళ్ళని ఇంటి వాకిట్లోనే పగలగొట్టేవారు, పిండి మరల్లో పొడి చేసేవారు. దుమ్ము వాకిలంతా పరుచుకునేది. ఆ నేల మీదే పిల్లలు పాకేవారు, చేతులు నోట్లో పెట్టుకునేవారు. 2010 మార్చిలో ఎంఎస్ఎఫ్ డాక్టర్ల బృందం, ఫిట్స్ వచ్చి చనిపోతున్న పిల్లల గురించి అధికారులను హెచ్చరించింది. మొదట మలేరియా అనుకున్నారు, మెదడువాపు అనుకున్నారు. తర్వాత అమెరికా సీడీసీ నిపుణులు రెండు గ్రామాల్లో ఇంటింటికీ తిరిగారు. ముందు ఏడాదిలో అక్కడి అయిదేళ్ళ లోపు పిల్లల్లో సుమారు నాలుగో వంతు చనిపోయారని తేలింది. మొత్తం మీద కనీసం 400 మంది పిల్లలు పోయారని అంచనా.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. వందల ఇళ్ళు. ఏ వాకిట్లో ఎంత విషం ఉందో కంటికి కనబడదు. వర్షాకాలం ముంచుకొస్తోంది. వానలు పడితే లారీలు ఊళ్ళోకి రావు, సీసం చెరువుల్లోకి పారుతుంది. ప్రతి మూలా మట్టి తీసి దేశం దాటించి ల్యాబ్‌కి పంపి, వారాల తరబడి కూర్చునే పరిస్థితి కాదు.

అక్కడ ఉపయోగపడింది ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే యంత్రం. చూడటానికి పెద్ద డ్రిల్లింగ్ మెషిన్ లాగా, తుపాకీ పిడితో ఉంటుంది. నేలకి ఆనించి మీట నొక్కితే ఎక్స్ కిరణాలు వెళ్తాయి. మట్టిలోని ఒక్కో లోహం తనదైన శక్తితో కిరణాన్ని తిప్పి పంపుతుంది. దాన్ని చదివి సీసం ఎంతో, పాదరసం ఎంతో ఒక నిమిషం లోపు తెర మీద చూపిస్తుంది. పీపీఎం అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు, కిలో మట్టికి ఒక మిల్లీగ్రాము అన్నమాట. అమెరికాలో ఆ రోజుల్లో పిల్లలు ఆడే నేలకు 400 పీపీఎం హద్దు. జంఫారాలో కొన్ని వాకిళ్ళలో లక్ష పీపీఎం దాటింది. కిలో మట్టి తీస్తే అందులో 100 గ్రాములు సీసమే!

లక్ష ఉన్నచోట యంత్రం పదో ఇరవయ్యో శాతం తప్పు చూపినా నష్టమేముంది? 80 వేలైనా, లక్షా 20 వేలైనా చేయాల్సిన పని ఒకటే. అందుకే నిపుణులు వాకిలి వాకిలీ తిరిగి కొలిచారు. ఊరి పెద్దల, అంకా ఎమీర్ అండతో ఇళ్ళలోకి అనుమతి దొరికింది. గ్రామస్థులే పారలు పట్టి పైమట్టి తీశారు, ఊరి బయట గుంతల్లో పూడ్చారు, మంచి మట్టి తెచ్చి పరిచారు. తీసిన తర్వాత మళ్ళీ అదే యంత్రం పెట్టి చూడటం, ఇంకా ఎక్కువుంటే ఇంకో పొర తీయడం. ఈ పద్ధతి ల్యాబ్‌తో సాధ్యం కాదు. గుంత తవ్వి మనుషులు నిలబడి ఉంటే, "మీ రిపోర్టు మూడు వారాల్లో వస్తుంది" అని చెప్పలేం కదా.

దరేటా, యార్గల్మా గ్రామాలు 2010 వానాకాలం మొదట్లోనే శుభ్రం చేశారు. ఇంకో అయిదు ఊళ్ళు 2011 మొదటి నెలల నాటికి అయిపోయాయి. అన్నిటికంటే పెద్ద ఊరు బగేగా మాత్రం డబ్బు విడుదల కాక 2013 దాకా ఆగింది. ఇంటికి వెళ్తే మళ్ళీ అదే దుమ్ము తింటారు కాబట్టి, నేల శుభ్రం కాకుండా మందు ఇచ్చినా లాభం లేదని డాక్టర్లు చెప్పారు. బగేగా పిల్లలు రెండేళ్ళకు పైగా ఎదురుచూశారు. అంటే యంత్రం లేక కాదు, సంతకం లేక. ఈ మాట గుర్తుంచుకోవాలి. కొలత ఎంత త్వరగా వచ్చినా, దాని వెనక డబ్బు, నిర్ణయం రాకపోతే అది అంకెగానే ఉండిపోతుంది.

అదే కథలో చేతి యంత్రానికి ఉన్న హద్దు కూడా కనబడుతుంది. రక్తంలో సీసం చూసే చిన్న యంత్రాలున్నాయి. వేలి కొస నుంచి చుక్క రక్తం చాలు, మూడు నిమిషాల్లో జవాబు. కానీ ఎక్కువగా వాడే ఆ యంత్రం డెసీలీటరుకు 65 మైక్రోగ్రాములు దాటితే అంకె చూపదు, "హై" అని మాత్రమే రాస్తుంది. 70 ఉన్న బిడ్డకీ 300 ఉన్న బిడ్డకీ అదే మాట. ముందు ఎవరికి మందు మొదలుపెట్టాలో తేల్చుకోవాలంటే ల్యాబ్ అవసరమే.

ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కీ లోపాలున్నాయి. తడి మట్టి మీద పెడితే తక్కువ చూపిస్తుంది. నీరు 20 శాతం దాటితే ఆ అంకెను నమ్మకూడదు. యంత్రం చూసేది పైపైన కొన్ని మిల్లీమీటర్లే, కింద అడుగు లోతులో ఏముందో దానికి తెలియదు. సీసం, ఆర్సెనిక్ పంపే కిరణాల శక్తి దాదాపు ఒకటే కాబట్టి, సీసం ఎక్కువున్న చోట ఆర్సెనిక్ ఎంతో సరిగ్గా చెప్పలేదు. నీళ్ళలో ఉండే సూక్ష్మ మోతాదులకైతే అసలు పనికిరాదు. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ తన పద్ధతిలో ఒక నియమం పెట్టింది. యంత్రంతో చూసిన ప్రతి 20 నమూనాల్లో కనీసం ఒకటి ల్యాబ్‌కి పంపాలి, రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడాలి. నా దృష్టిలో ఇది చాలా న్యాయమైన నియమం. మన ఊళ్ళో ఎవరైనా "మీటర్ పెట్టి చూశాం" అంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఇరవైలో ఒకటి ల్యాబ్‌కి వెళ్ళిందా?

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. పిల్లల కళ్ళకు పెట్టే సుర్మాల్లో కొన్ని సీసపు రాయితోనే తయారవుతాయి. "అసలైన రాయి" అని అమ్మినంత మాత్రాన అది మంచిదైపోదు. ఇలాంటి వాటిని ఎక్స్‌ఆర్‌ఎఫ్ నిమిషంలో పట్టేస్తుంది. ఆ పరీక్ష చేయించే దారి లేనప్పుడు పసిపిల్లలకు పెట్టకపోవడమే మేలు.

ఇక భోపాల్‌కి వద్దాం. 1984 డిసెంబర్ 2 రాత్రి గ్యాస్ లీకైన కథ అందరికీ తెలుసు. ఫ్యాక్టరీ లోపల మిగిలిపోయిన వ్యర్థాల కథ అంతగా తెలియదు. 2025 జనవరిలో 12 కంటైనర్లలో సుమారు 337 టన్నుల వ్యర్థాలను పీథంపూర్‌కి తరలించారు. అక్కడి జనం రోడ్డెక్కారు. హైకోర్టు పర్యవేక్షణలో ముందు ట్రయల్ వేసి, జూన్ చివరికి మొత్తం కాల్చేశారు. పొగగొట్టం దగ్గర ఆన్‌లైన్ మీటర్లు ఉన్నాయని, అంకెలు పరిమితి లోపే ఉన్నాయని ప్రభుత్వం చెప్పింది.

ఆ మీటర్లు అబద్ధం చెప్పాయని నేను అనను. అవి ఏం చూస్తాయన్నదే నా ప్రశ్న. దుమ్ము, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, యాసిడ్ వాయువులు, వీటిని ఆన్‌లైన్ మీటర్ నిమిష నిమిషానికీ చూపగలదు. కానీ క్లోరిన్ ఉన్న వ్యర్థాలు కాల్చినప్పుడు జనం భయపడేది డయాక్సిన్లకి. మన దేశంలో వాటి పరిమితి ఘనపు మీటరు గాలికి 0.1 నానోగ్రాము. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు. ఏ తెర మీదా ఇది లైవ్‌లో కనబడదు. పొగగొట్టంలో గంటల తరబడి గాలి లాగి, పట్టిన దాన్ని ప్రత్యేకమైన ల్యాబ్‌లో పరీక్ష చేయాలి. అలాంటి ల్యాబ్‌లు మన దేశంలో చాలా తక్కువ. కాబట్టి గేటు దగ్గర బోర్డు మీద పచ్చ అంకెలు వెలిగినంత మాత్రాన డయాక్సిన్ లేదని అర్థం కాదు, ఉందనీ కాదు. ఆ బోర్డు ఆ ప్రశ్నకి జవాబే చెప్పదు.

కాలిన 337 టన్నులు పైన కనబడినవి మాత్రమే. 2010లో నీరి సంస్థ లెక్క ప్రకారం ఫ్యాక్టరీలో, చుట్టుపక్కల కలుషితమైన మట్టి 11 లక్షల టన్నులు. ఈ లెక్క తేల్చడంలో మన హైదరాబాద్ చేయి కూడా ఉంది. ఉప్పల్ దగ్గరున్న ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు వెళ్ళి, భూమిలోకి కరెంటు పంపి, ఎక్కడ పూడ్చారో, కింద నీరు ఎటు పారుతుందో సర్వే చేశారు. ఇది కూడా ఫీల్డ్ యంత్రాల పనే. విషం పేరేమిటో అవి చెప్పలేవు, ఎక్కడ తవ్వాలో చెప్పగలవు. పేరు చెప్పాల్సింది ల్యాబే.

భోపాల్ భూగర్భ జలాల్లో దొరికిన వాటిలో క్లోరోఫాం, కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి ద్రావకాలు కూడా ఉన్నాయి. ఆవిరయ్యే రసాయనాలు పట్టే పీఐడీ అనే చేతి యంత్రం చాలా చోట్ల వాడతారు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో 12 మంది ప్రాణాలు తీసిన స్టైరీన్ లాంటి ఆవిరిని ఇది చక్కగా పసిగడుతుంది. అలాంటి గంటలో ల్యాబ్ ఎందుకూ కొరగాదు, జనాన్ని ఎంతదూరం పంపాలో చెప్పాల్సింది ఈ యంత్రమే. అదే యంత్రంలో సాధారణంగా ఉండే దీపానికి మాత్రం క్లోరోఫాం, కార్బన్ టెట్రాక్లోరైడ్ దాదాపు కనబడవు. వాటిని విడగొట్టేంత శక్తి ఆ దీపానికి లేదు. అలాంటి చోట దాన్ని తిప్పి "సున్నా వచ్చింది" అంటే, ఆ సున్నాకి విలువ లేదు.

మన పటాన్‌చెరు ఇంకా పెద్ద పాఠం. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాన్ని 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కలుషిత ప్రాంతాల్లో చేర్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని ల్యాబ్‌లో పరీక్ష చేశారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. జబ్బు మనిషి ఆ మందు వేసుకున్నప్పుడు అతని రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ! శుద్ధి చేశాక బయటికి వదిలిన నీరు అది. పీహెచ్ మీటర్, టీడీఎస్ మీటర్, ఆక్సిజన్ మీటర్ ఎన్నేళ్ళు ముంచినా ఈ సంగతి తెలిసేది కాదు. ల్యాబ్‌కి కూడా ఫలానా మందు కోసం వెతకమని చెప్తేనే దొరుకుతుంది. వెతకనిది ఏ రిపోర్టులోనూ రాదు.

కాబట్టి ల్యాబ్ రిపోర్టుకి కూడా కళ్ళు మూసుకుని దండం పెట్టనక్కర్లేదు. ల్యాబ్ తన చేతికొచ్చిన సీసాలో ఏముందో మాత్రమే చెబుతుంది. ఆ సీసా ఎక్కడ నింపారు, ఎలా నింపారు అన్నది దాని బాధ్యత కాదు. లోహాల కోసం తీసిన నీటిలో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయకపోతే లోహం సీసా గోడలకి అంటుకుంటుంది, రిపోర్టులో తక్కువ వస్తుంది. ఆవిరయ్యే రసాయనాల కోసం తీసేటప్పుడు సీసాలో గాలి బుడగ కూడా ఉండకూడదు, ఐస్ డబ్బాలో పెట్టి పంపాలి. ఎండలో ఆటోలో తిరిగిన సగం సీసా నీళ్ళు ల్యాబ్‌కి చేరేసరికి విషం గాల్లో కలిసిపోయి ఉంటుంది. లక్షల టన్నుల మట్టి ఉన్న చోట అయిదు సంచులు తీసి, అయిదూ శుభ్రంగా ఉన్నాయంటే ఏం తేలినట్టు? చేతి యంత్రంతో 200 చోట్ల చూసి, ఎక్కువ వచ్చిన చోట్లా, తక్కువ వచ్చిన చోట్లా నమూనాలు తీసి ల్యాబ్‌కి పంపితే ఆ రిపోర్టుకి బలం ఉంటుంది.

ఇక కోర్టు సంగతి. ఇక్కడ మాత్రం చట్టం ల్యాబ్ పక్షమే. 1974 నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం అధికారి నమూనా తీసేటప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళకు అక్కడే నోటీసు ఇవ్వాలి, వాళ్ళ ఎదుటే నీటిని రెండు భాగాలు చేసి, సీల్ వేసి, సంతకాలు తీసుకుని, గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాలి. ఈ పద్ధతి తప్పితే ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. గాలికి 1981 చట్టంలోనూ ఇలాంటి నియమమే ఉంది. మీ మొహల్లా కుర్రాళ్ళు ఆన్‌లైన్‌లో కొన్న మీటర్ రీడింగ్ వాట్సాప్‌లో ఎంత తిరిగినా కేసు నిలబడదు. అయితే ఆ రీడింగ్ వృథా కాదు. ఏ రోజు, ఏ టైముకి, ఏ కాలువలో రంగు మారింది, మీటర్ ఎంత ఎగిరింది అని మూడు నెలలు రాసి పెట్టుకుంటే, అధికారి ఎప్పుడు వచ్చి సీసా నింపాలో చెప్పడానికి అదే ఆధారం. చాలా యూనిట్లు రాత్రిళ్ళు, వాన పడుతున్నప్పుడు వదులుతాయన్న ఫిర్యాదు పాతదే. ఆఫీసు టైములో తీసిన నమూనాకి అది దొరకదు.

అదే చట్టం సెక్షన్ 49 మామూలు మనిషికి కూడా ఒక దారి ఇచ్చింది. ఫిర్యాదు చేయబోతున్నానని మండలికి 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి, ఎవరైనా నేరుగా కోర్టుకి వెళ్ళవచ్చు. అప్పుడు మండలి తన దగ్గరున్న రిపోర్టులు ఇవ్వాలి, ప్రజా ప్రయోజనానికి విరుద్ధమనుకుంటే తప్ప. ఆర్టీఐ ఎలాగూ ఉంది.

ఆర్టీఐలో "కాలుష్యం ఉందా" అని అడిగితే "పరిమితి లోపే ఉంది" అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. అలా అడగకండి. ఏ తేదీన, ఎన్ని చోట్ల, ఎంత లోతులో నమూనాలు తీశారు? ఏ ఏ రసాయనాల కోసం వెతికారు, వేటి కోసం వెతకలేదు? ఫీల్డ్ యంత్రం వాడితే దాని పేరేమిటి, ఎన్ని నమూనాలు ల్యాబ్‌తో సరిపోల్చారు? ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా, ఉంటే ఈ పరీక్షకే ఉందా? రిపోర్టులో "బీడీఎల్" అని రాసి ఉంటే ఆ యంత్రం పట్టగలిగే కనీస మోతాదు ఎంత? ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. బీడీఎల్ అంటే మా యంత్రానికి అందనంత తక్కువ అని. యంత్రమే మొద్దుదైతే, పరిమితికి అయిదు రెట్లున్న విషం కూడా అందులో "లేదు" అనే పడుతుంది.

కొత్త నియమాల కింద మన రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా జాబితాలు తయారు కావాలి. మీ ఊరి పక్కన పాత రసాయన గుంత ఉంటే, మూతపడ్డ యూనిట్ షెడ్డు కింద డ్రమ్ములు పూడ్చారని పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే, ఆ సర్వే నంబరు జాబితాలో ఉందో లేదో కలెక్టరేట్‌లో అడగవచ్చు. జాబితాలో లేని స్థలానికి 90 రోజుల గడువు మొదలే కాదు.